రైతు కుటుంబమునకు దూరవైద్యము
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



విత్తనములు, ఎరువులు, తెగుళ్ళను గురించి మాట్లాడే ఈ వేదికమీద వైద్యమును గురించి ప్రసంగమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చును. సేద్యపు ఖర్చు లెక్క వ్రాసేటప్పుడు దుక్కికి ఇంత, విత్తనమునకు ఇంత, కూలీలకు ఇంత అని వ్రాస్తాము. దవాఖానకు ఇంత అని వ్రాయము. కాని గద్వాల వైపు పత్తి సీడు చేలలో క్రాసింగు సాగుతున్న దినములలో ఇంటి ఇల్లాలు జ్వరముతో మంచము పట్టినదంటే, ఆ వారము పోయిన పూత తిరిగి రాదు. వనపర్తి వైపు వేరుశనగ పీకే వేళ రైతు కంటిలో నలుసు పడి పది దినములు కర్నూలుకో మహబూబ్‌నగరుకో తిరిగినాడంటే, బస్సు చార్జీలు, వెంట వచ్చినవాని కూలి, ఆగిపోయిన పని, అన్నీ ఆ పంటమీదనే పడును. అందువలన ఇది మన లెక్కలోని విషయమే.

డాక్టరు ఒక చోట, రోగి ఇంకొక చోట ఉండి, ఫోను తెరమీద ఒకరినొకరు చూచుకొంటూ మాట్లాడుకొనుటను దూరవైద్యమంటున్నారు. టెలిమెడిసిన్ అన్నా ఇదే. ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. 1905లో హాలండు దేశములోని లైడెన్ పట్టణములో ఐంథోవెన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆసుపత్రిలో ఉన్న రోగి గుండె కదలికలను టెలిఫోను తీగ ద్వారా ఒకటిన్నర కిలోమీటరు దూరములోని తన ప్రయోగశాలకు రప్పించి అక్కడ గీయించినాడు. మన తెలుగు నేలమీద ఈ పద్ధతికి పేరు తెచ్చిన ఊరు చిత్తూరు జిల్లాలోని అరగొండ. అపోలో ఆసుపత్రుల స్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామమది. 2000 సంవత్సరము మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదుకు వచ్చినప్పుడు అరగొండ దూరవైద్య కేంద్రమునకు ప్రారంభోత్సవము చేసినాడు. ఆ దినములలో ఉపగ్రహముతో మాట్లాడే గొడుగువంటి పెద్ద పళ్ళెము కావలసి వచ్చినది. నేడు అదే పని జేబులోని ఫోను చేస్తున్నది.

ప్రభుత్వము వారి ‘ఈ-సంజీవని’ 2019 నవంబరులో మొదలైనది. దానిని తయారు చేసినది మొహాలీలోని సి-డాక్ సంస్థ. కరోనా కాలములో, 2020 ఏప్రిల్ 13 నుండి, ఇంటివద్ద నుండే డాక్టరుతో మాట్లాడే ఏర్పాటు కూడ దానిలో చేర్చినారు. 2023 ఫిబ్రవరి నాటికి దేశము మొత్తముమీద ఈ విధముగా డాక్టర్లతో జరిగిన సంప్రదింపులు 10 కోట్లు దాటినవి.

దీనికి రెండు ద్వారములున్నవి. మొదటిది ఊరి ఆరోగ్య ఉపకేంద్రము, మనము పల్లె దవాఖాన అంటున్నది. అక్కడి నర్సమ్మ మీ బి.పి., షుగరు, జ్వరము చూచి, వివరములు వ్రాసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని డాక్టరుకో, ఆ పైని నిపుణునికో కలుపును. రెండవది మీ సొంత ఫోను. అందులో మీ నంబరు వ్రాస్తే ఒక సంకేత సంఖ్య వచ్చును. దానిని తిరిగి వ్రాస్తే చీటీ వంటి టోకెను ఇచ్చెదరు. వరుస వచ్చినప్పుడు డాక్టరు తెరమీద కనిపించును. మాట్లాడుట ముగిసిన తరువాత మందుల చీటీ ఫోనులోనికే వచ్చును. దీనికి రుసుము లేదు.

ఈ రెంటిలో ఏది మేలని అడిగితే, మన ప్రాంతమునకు మొదటిదే మేలని నా అభిప్రాయము. తెరకు అవతల ఎంత పెద్ద డాక్టరున్నప్పటికీ, తెరకు ఇవతల చేయిపెట్టి చూచే మనిషి లేకపోతే ఆయనకు తెలిసేది సగమే. పొట్ట నొక్కి చూడవలెను, గొంతులోనికి దీపము వేయవలెను, ఊపిరి వినవలెను. ఫోను చూచును, వినును, తాకదు. కనుక దూరవైద్యము బాగుగా సాగిన చోటెల్ల ఇవతల ఒక శిక్షణ పొందిన మనిషి ఉండుట మీరు గమనించెదరు.

ఇందుకు దూరపు ఉదాహరణ అక్కరలేదు. నాగర్‌కర్నూలు పక్కననే తూడుకుర్తిలో ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ వారి ఆసుపత్రి ఉన్నది. ఈ సంస్థను డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో నెలకొల్పినారు. వారి ఏర్పాటు మెట్లవలె ఉండును. సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటరు. అటువంటివి పది వరకు ఒక ఆసుపత్రికి అనుబంధము. ఆ ఆసుపత్రికి పైన పెద్ద ఆసుపత్రులు, చివరకు హైదరాబాదు. విజన్ సెంటరులో ఉండేది డాక్టరు కాదు, ఒక సంవత్సరము శిక్షణ పొందిన టెక్నీషియను. తరచుగా ఆ చుట్టుపక్కల ఊరి పిల్లవాడో పిల్లయో. స్లిట్‌ల్యాంపు అనే పరికరముతో కంటిని పెద్దదిగా చేసి చూచి, అనుమానమున్న కంటి బొమ్మ తీసి పైకి పంపును. పైనున్న డాక్టరు ఆ బొమ్మ చూచి ఈ మనిషి రావలెనా, అక్కరలేదా, వస్తే ఎంత తొందరగా రావలెనో చెప్పును. దూరవైద్యము చేసే మేలు అంతా ఈ ఒక్క మాటలో ఉన్నది. అది ప్రయాణమును మాన్పించదు. అక్కరలేని ప్రయాణమును మాన్పించి, అక్కరయైనదానిని ఆలస్యము కానీయదు.

రైతులకు ఇది ఎంత అవసరమో చెప్పుటకు కంటి విషయమే కొంచెము విడమరచి చెప్పెదను. కోతల వేళ వడ్ల పొట్టు, జొన్న ఆకు అంచు, వేరుశనగ తీగ, పత్తి కొమ్మ కంటికి తగులును. నల్లగుడ్డుమీది అద్దమువంటి పొర గీసుకొనిపోవును. గీత చిన్నది, మనిషి కన్ను నలుపుకొని పనిలోనికి పోవును. ఆకుతోను పొట్టుతోను కూడ వచ్చిన బూజు ఆ గీతలో నాటుకొనును. రెండు మూడు దినములలో కన్ను ఎరుపెక్కి, నీరు కారి, వెలుతురు చూడలేని స్థితి వచ్చును. నల్లగుడ్డుమీద తెల్లని చుక్క కనిపించును. దీనినే ముదిరిన తరువాత పువ్వు వేసినదంటాము.

ఈ దశలో జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, ఆకు పసరు, చనుబాలు, నూనె కంటిలో పోయుట. రెండవది ఇంకను ప్రమాదకరము. మందుల దుకాణమునకు పోయి ‘కన్ను ఎర్రబడినది, చుక్కలు ఇవ్వు’ అనుట. ఇచ్చిన చుక్కలలో స్టెరాయిడు ఉన్నదనుకొనుడు. ఎరుపు ఒకటి రెండు దినములు తగ్గును, నొప్పి తగ్గును, రైతు సంతోషించును. లోపల బూజునకు మాత్రము అడ్డు తొలగిపోవును. కలుపు పైన కోసి వేరు వదలినట్లే. కాని కలుపు వలన పంట పోవును, దీనివలన కన్ను పోవును. ఆ పైన మిగిలేది ఇతరుల నేత్రదానముతో వచ్చిన పొరను అతికించే శస్త్రచికిత్స. అది అందరికీ దొరకదు, అందరికీ నిలువదు.

ఇదే గీతను మొదటి దినమే చూచినట్లయితే ఎంత తేలికయో నేపాలు దేశములోని భక్తపూర్ ప్రాంతములో 1990ల తొలినాళ్ళలో తెలిసినది. అక్కడ ఊరి ఆరోగ్య కార్యకర్తలకు గీత గుర్తించుట నేర్పి, ఒక శాతము క్లోరాంఫెనికాల్ మలామును మూడు దినములు, దినమునకు మూడు సార్లు పెట్టించినారు. దెబ్బ తగిలిన 18 గంటల లోపల మందు మొదలుపెట్టినవారిలో ఒక్కరికీ పుండు పడలేదు. ఆ కార్యకర్తలు డాక్టర్లు కారు, అక్కడ ఫోనులూ లేవు. అటువంటి కార్యకర్త చేతిలో నేడు డాక్టరుకు బొమ్మ పంపే ఫోను కూడ ఉన్నదంటే ఎంత బలమో ఆలోచించండి. కంటిలో ఏది పడినా శుభ్రమైన నీటితో కడుగుకొని, నలుపక, ఆ దినమే విజన్ సెంటరుకు గాని పల్లె దవాఖానకు గాని పోవలెను. తెల్ల చుక్క కనిపించినదంటే ఫోనులో మాటలతో కాలము గడపక నేరుగా కంటి ఆసుపత్రికి పోవలెను. షుగరు ఉన్నవారు కన్ను బాగానే ఉన్నదనిపించినా సంవత్సరమునకొకసారి లోపలి పొర బొమ్మ తీయించుకొనుట మంచిది. ఆ బొమ్మను కూడ దూరముననుండి డాక్టరు చూడగలరు.

ఇక ఇంటివద్దనుండి మాట్లాడువారికి కొన్ని మాటలు. సాధారణముగా జరిగే సంభాషణ ఇట్లుండును.

‘ఏమి బాధ పెద్దయ్యా?’

‘పాణం బాగలేదు సారూ.’

‘ఎప్పటినుండి?’

‘శానొద్దుల సంది.’

‘ఏ మందులు వాడుతున్నారు?’

‘తెల్లగోళీలు రెండు, ఎర్రది ఒకటి.’

అవతలి డాక్టరుకు తెల్లగోళీలు వేయి రకములు. ఇంతలో సిగ్నలు పోవును, టోకెను పోవును. దీనికి బదులు పెద్దయ్య పక్కన ఒక కాగితము ఉంచుకొని, ‘సారూ, నాకు 58 ఏండ్లు. మంగళవారము రాత్రి నుండి చలిజ్వరము. ఈ పొద్దు 102 డిగ్రీలున్నది. రెండు సార్లు వాంతి అయినది. షుగరుకు ఈ గోళీ వాడుతున్నాను’ అని అట్టను కెమెరాకు చూపినాడనుకొనుడు. మూడు నిమిషములలో పని అయిపోవును. మందు అట్టలను పారవేయక ఒక సంచిలో ఉంచుకొనుడు. పాత చీటీలు, రక్త పరీక్ష కాగితములు అందులోనే వేయుడు. ముఖముమీద వెలుతురు పడేటట్లు వాకిలి వైపు కూర్చొనుడు. వెలుతురు వీపు వెనుక ఉంటే డాక్టరుకు కనిపించేది నల్లని నీడ. చర్మముమీది మచ్చను పగటి వెలుతురులో, పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి చూపినట్లయితే పరిమాణము తెలియును. బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చేచోట, ముఖ్యముగా అమ్రాబాదు, అచ్చంపేట అడవి లోపలి చెంచు పెంటలలో, వీడియో ఆపి మాట మాత్రమే ఉంచుకోవలెను. మాటతో వైద్యము చేయుటకు కూడ నియమములు ఒప్పుకొనుచున్నవి.

ఆ నియమములు 2020 మార్చి 25న వెలువడినవి. వాటిలో రైతు తెలిసికొనదగినవి కొన్నే. చీటీమీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషను సంఖ్య ఉండవలెను. కొన్ని మందులను మొదటిసారి వ్రాయవలెనంటే డాక్టరు మిమ్ము వీడియోలో చూడవలెను. మత్తుమందుల వంటి వాటిని ఫోనుమీద వ్రాయనే రాదు. ‘ఇది ఫోనులో తేలదు, మనిషి రావలెను’ అని చెప్పే హక్కు డాక్టరుకున్నది; అట్లా చెప్పినవాడు మీకు మేలు చేసినట్లే, పని తప్పించుకొనుట కాదు. ఒక చిన్న విచిత్రము చెప్పెదను. నియమములలో ఆర్.ఎం.పి. అనే అక్షరములకు ప్రభుత్వము వద్ద నమోదైన వైద్యుడని అర్థము. మన ఊళ్ళలో మాత్రము నమోదు లేని వానికే ఆ పేరు స్థిరపడినది. అర్ధరాత్రి తలుపు తట్టితే వచ్చేవాడు అతడే గనుక అతనిని నేను నిందించను. కాని చీటీ వ్రాయవలసినది మాత్రము మొదటి అర్థములోని ఆర్.ఎం.పి.

ఫోను పక్కన పెట్టవలసిన సమయములు కూడ ఉన్నవి. ఈ మాటను ఇంట్లో ఆడవారికి, పిల్లలకు కూడ చెప్పుడు. ఛాతీ నొప్పి, మూతి వంకరపోయి చేయి పడిపోవుట, పాము కాటు, కాన్పు నొప్పులతో రక్తము పోవుట, పసిపిల్లకు ఊపిరి ఎగబోయుట: వీటికి తెరమీది డాక్టరు కోసము వరుసలో కూర్చొనరాదు. 108కు ఫోను చేయవలెను. పాము కాటునకు కోసి రక్తము తీయుట, గట్టిగా కట్టు కట్టుట వలదు. కరిచిన కాలు కదలకుండ ఉంచి తీసికొనిపోవలెను. పాము ఫోటో కోసము పొలములో వెదుకుతూ పోగొట్టుకొన్న అరగంట తిరిగి రాదు.

పురుగుమందు విషయము మన మూడు జిల్లాలకు, అందులోను గద్వాల వారికి, వేరుగా చెప్పవలెను. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి మందులు ఎండలో కొట్టేటప్పుడు చర్మము ద్వారా, ఊపిరి ద్వారా లోనికి పోవును. చెమటలు, చొంగ, వాంతి, కండ్లు మసకలు, కంటిపాప చిన్నదగుట, కండరములు అదురుట: ఇవి గుర్తులు. ఇది ఎండదెబ్బ అనుకొని మజ్జిగ త్రాగించి పండబెట్టుట మన అలవాటు. అట్లు చేయరాదు. బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్ళు కడిగి, 108ని పిలువవలెను. బలవంతముగా వాంతి చేయించరాదు. పాలు, నూనె పట్టరాదు. ఇక్కడనే ఫోను ఒక గొప్ప పని చేయును. డబ్బామీది కాగితమును, అందులోని అసలు మందు పేరు కనిపించేటట్లు, ఫోటో తీసి ఉంచుకొనుడు. కంపెనీ పేర్లు వంద ఉండవచ్చును, విరుగుడు మాత్రము అసలు మందును బట్టి ఉండును. క్లోరిపైరిఫాస్ జాతికి అట్రోపిన్ ఇచ్చెదరు. పారాక్వాట్ అనే గడ్డిమందునకు విరుగుడే లేదు; అది మ్రింగినవాడు మొదటి దినము బాగానే తిరుగుతూ కనిపించవచ్చును. అది చూచి మోసపోరాదు. దవాఖాన చేరేలోపల డాక్టరుకు ఆ ఫోటో చేరినదంటే ఆయన సిద్ధముగా ఉండును.

వీటికి భిన్నముగా, దూరవైద్యము చక్కగా సరిపోయేవి బి.పి., షుగరు, ఆయాసము, కీళ్ళ నొప్పులు, ఒకసారి డాక్టరు స్వయముగా చూచి మందు నిర్ణయించిన తరువాత నెలనెలా జరిగే విచారణలు. మన పాలమూరు నుండి బొంబాయికి, పూనాకు వలస పోయిన కుటుంబములలో బి.పి. మందు సగములో ఆపివేయుట ఎక్కువ. అక్కడ ఎవరిని అడగాలో తెలియక ఆపుదురు. చీటీ ఫోనులో ఉంటే, కొత్త ఊరిలోనైనా ఏ మందు, ఎంత మోతాదు అనేది చూపవచ్చును.

మనసు బాధకు కూడ ఇటువంటి ఏర్పాటున్నది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ‘టెలి-మానస్’ ప్రారంభించినది. నంబరు 14416. రాత్రింబగళ్ళు, తెలుగులోనే మాట్లాడవచ్చును. అప్పు గుర్తుకు వచ్చి నిద్ర పట్టనివారు, పంట పోయిన తరువాత ఎవరితోను మాట్లాడని మనిషి ఇంట్లో ఉన్నవారు దీనిని ఉపయోగించుకొనవలెను. ఆ మనిషి ఫోను చేయకపోతే అతని భార్య గాని, తమ్ముడు గాని చేయవచ్చును. అటువంటి ఇంటిలో పురుగుమందు డబ్బాలకు తాళము వేయించుడు, తాళపుచెవి వేరొకరివద్ద ఉంచుడు.

ఆడవారిని గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఉపకేంద్రములో ఒక బల్ల, దానిమీద కంప్యూటరు, దాని చుట్టు ఊరిలో సగముమంది! ఆ మధ్యన కూర్చొని ఒక ఆడమనిషి తెల్లబట్ట గురించి, నెలసరి గురించి డాక్టరుతో ఎట్లు చెప్పగలదు? ‘నడుము నొప్పి సారూ’ అని చెప్పి లేచి వచ్చును. డాక్టరు నడుము నొప్పికే మందు వ్రాయును. ఒక తెర, ఒక తలుపు, చెవికి పెట్టుకొనే ఇయర్‌ఫోను ఉంటే చాలు. అమ్మ పక్కన కూర్చొని అన్ని ప్రశ్నలకు తానే జవాబు చెప్పే కొడుకులు కూడ కొంచెము బయటికి పోయిరావలెను.

మోసములు కూడ వచ్చినవి. డాక్టరుమని చెప్పి ఎవరో తామే ఫోను చేసి డబ్బు కట్టుమన్నా, సంకేత సంఖ్య చెప్పుమన్నా చెప్పరాదు. ఆ సంఖ్య మీరు మీ ఫోనులో వ్రాసికొనుటకే.

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగరు జిల్లానుండి ఈ మూడు జిల్లాలు ఏర్పడినవి. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. గద్వాలకు 2024లో అనుమతి వచ్చినది. అంటే తెరకు అవతల కూర్చొనవలసిన నిపుణులు ఇకమీదట హైదరాబాదులోనే ఉండనక్కరలేదు, మన జిల్లా కేంద్రములోనే ఉండవచ్చును. ఇది నాకు చాల ఆశ కలిగించే విషయము. కంప్యూటరు తెచ్చి పెట్టుట సులభము. దాని అవతల నియమిత సమయములో మనిషి కూర్చొనుటయే కష్టము. దూరవైద్యమున్నదని చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో డాక్టరు పోస్టును ఖాళీగా ఉంచుటకు ఎవరును ఒప్పుకొనరాదు. పిలుపునకు జవాబు చెప్పవలసినది ఆ డాక్టరే గదా.

కనుక గ్రామసభలో అడుగదగినవి ఇవి. మన ఉపకేంద్రములో ఈ-సంజీవని ఏ దినములలో, ఏ వేళలలో నడుచును? ఆ వేళ గోడమీద వ్రాసినారా? కరెంటు పోతే ఇన్వర్టరు ఉన్నదా? తెర ఉన్నదా? చీటీలో వ్రాసిన మందులు అక్కడనే దొరుకునా, లేక దానికోసము మరల బస్సు ఎక్కవలెనా? ఈ కడపటి ప్రశ్నకు జవాబు సరిగా లేకపోతే, తెరమీద మిగిలిన ప్రయాణము మందుల దుకాణమునకే పోవును.

ఫోనులు తెచ్చుకున్నవారు భోజనముల తరువాత ఇక్కడనే ఉండుడు. ఈ-సంజీవనిలో పేరు ఎట్లు వ్రాయవలెనో, మందు అట్టను కెమెరాకు ఎంత దూరములో పట్టవలెనో చేయించి చూపెదము. ఇంట్లో వాడే మందుల అట్టలు ఎవరి జేబులోనైనా ఉంటే బయటికి తీయుడు.